మెత్ రాకముందే అనంతపురం చేయాల్సిన పని

తెలుగునాట మాదకద్రవ్యాల గురించి మాట మొదలైతే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది 2017 హైదరాబాద్ కేసు. ఎక్సైజ్ శాఖ సిట్ వేయడం, సినిమావాళ్లను పిలిచి గంటలకొద్దీ ప్రశ్నించడం, టీవీ కెమెరాలు ఆ గేటు దగ్గరే కాపు కాయడం. ఆ కేసు చివరికి ఏమైందన్నది పక్కన పెడితే, అది జనం మనసులో ఒక బొమ్మను మాత్రం గట్టిగా నాటింది. డ్రగ్స్ అంటే పబ్బులు, ఫామ్‌హౌస్‌లు, డబ్బున్నవాళ్ల పిల్లలు అన్నదే ఆ బొమ్మ. గంజాయి పల్లెలకు చేరాక అది కొంత చెదిరింది కానీ, క్రిస్టల్ మెత్, ఐస్ అని పిలిచే మెథాంఫెటమిన్ విషయంలో మనం ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాం. అది నగరాల జబ్బు, కరువు సీమకు దానితో పనేమిటన్న ధోరణి అధికారుల్లోనూ ఉంది, తల్లిదండ్రుల్లోనూ ఉంది. ఈ మందు చరిత్ర చూస్తే తేలేది వేరు. మెత్ పుట్టింది, పెరిగింది, ప్రపంచంలో పాతుకుపోయింది విలాసం కోసం కాదు, పని కోసం. నిద్ర ఆపుకొని, ఆకలి చంపుకొని, ఒంటికి మించిన పని చేయాల్సి వచ్చిన ప్రతిచోటా దానికి గిరాకీ దొరికింది. అలా చూస్తే అనంతపురం దానికి దూరంగా ఏమీ లేదు.

జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయి నగయోషి 1893లో ఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమిన్‌ను తయారుచేశాడు. 1919లో అకిరా ఒగాటా దాన్ని స్ఫటిక రూపానికి తెచ్చాడు. జర్మనీలో 1938 నుంచి అది పెర్విటిన్ పేరుతో మందుల షాపుల్లో దొరికింది. 1940లో ఫ్రాన్స్ మీద దాడి చేసిన నెలల్లో జర్మన్ సైన్యానికి అందిన మాత్రలు 3.5 కోట్ల పైమాటే. జపాన్‌లో అదే మందు ఫిలోపాన్ పేరుతో సైనికులకూ, యుద్ధ సామగ్రి కర్మాగారాల్లో రాత్రి పాళీ కార్మికులకూ చేరింది. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు బజారున పడ్డాయి. తిండి లేక, పని లేక ఉన్న ఆ దేశంలో లక్షలమంది వాడారు. తర్వాతి అధ్యాయం థాయ్‌లాండ్‌ది. మెథాంఫెటమిన్‌లో కెఫీన్ కలిపి చేసిన చవక మాత్రలు అక్కడ లారీ డ్రైవర్ల దగ్గర, చెరుకు తోటల కూలీల దగ్గర, చేపల పడవల్లో మొదట పాతుకుపోయాయి. యాబా అనే ఈ మాత్రలే ఇప్పుడు మయన్మార్ సరిహద్దు దాటి మిజోరం, త్రిపుర, అస్సాంలలో తరచూ పట్టుబడుతున్నాయి. దేశాలు వేరు, కాలాలు వేరు, వాడినవాళ్లు మాత్రం చాలావరకు ఒక కోవవాళ్లే.

ఇక అనంతపురం వైపు చూద్దాం. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండే నేల ఇది. రెండేళ్లు వేరుశనగ పోతే మూడో ఏడు ఊళ్లో వయసులో ఉన్నవాళ్లు మిగలరు. బెంగుళూరులో బేల్దారి పనికి, సెక్యూరిటీ గార్డుల పనికి, హోటళ్లకు, గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోతారు. రెండు పాళీలు ఒకే మనిషి చేయడం అక్కడ మామూలు. హైదరాబాద్, బెంగుళూరులను కలిపే 44వ జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రాష్ట్రం దాటుతుంది. ఆ దారి పొడవునా రాత్రంతా లారీలే. గుంతకల్లు దక్షిణాదిలో పెద్ద రైల్వే జంక్షన్లలో ఒకటి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక చుట్టుపక్కల పాళీల పని పెరిగింది. నేను చెప్పేది వీళ్లంతా మెత్ వాడుతున్నారని కాదు. ఉమ్మడి జిల్లాలో పోలీసులు పట్టుకుంటున్నది ప్రధానంగా గంజాయి, కర్ణాటక మద్యం ప్యాకెట్లు, నాటుసారా. అయితే మెత్‌కు గిరాకీ పుట్టించే పరిస్థితులన్నీ, దాన్ని మోసుకొచ్చే దారులన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి. గిరాకీ పుట్టాక మేలుకోవడం కంటే ఇప్పుడే మేలుకోవడం చవక, సులువు కూడా.

మెత్ ఒంట్లో చేసే పనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చికిత్స ఎందుకు కష్టమో అందులోనే ఉంది. మెథాంఫెటమిన్ మెదడులో డోపమిన్‌ను ఒక్కసారిగా బయటికి నెడుతుంది, తిరిగి లోపలికి పోనివ్వదు. కొకైన్ ప్రభావం గంటలోపే తగ్గుతుంది, మెత్ సగం విరగడానికే పది పన్నెండు గంటలు పడుతుంది. అందుకే ఒక మోతాదుతో రాత్రంతా నిద్ర రాదు, ఆకలి వేయదు, అలసట తెలియదు. మొదటి వారాల్లో మనిషి నిజంగానే ఎక్కువ పని చేస్తాడు, ఎక్కువ సంపాదిస్తాడు కూడా. సారా తాగినవాడు మొదటి రోజే ఇంట్లో దొరికిపోతాడు, మెత్ వాడినవాడు మొదట్లో కష్టజీవిగా మెప్పు పొందుతాడు. తర్వాత లెక్క తిరగబడుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరిగి గుండె కండరం బలహీనపడుతుంది, చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. ఒంటి వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో రాళ్లు మోసేవాడికి ఇది మరీ ప్రమాదం. పళ్లు పాడవుతాయి, మనిషి ఎండిపోతాడు. రోజుల తరబడి నిద్ర లేకపోయేసరికి ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ, చెవిలో మాటలు, ఇంట్లోవాళ్ల మీద అనుమానం మొదలవుతాయి. ఆ అనుమానానికి ముందుగా దెబ్బ తినేది భార్య. మందు ఆపితే రోజుల తరబడి మొద్దునిద్ర, లోతైన దిగులు, చావాలన్న ఆలోచన. రైతు ఆత్మహత్యలు చూసీ చూసీ అలసిన జిల్లాకు ఈ చివరి లక్షణం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క ఆశ ఉంది. 2001లో అమెరికాలో నోరా వోల్కో బృందం కొద్దిమంది మీద చేసిన పరిశోధనలో, ఏడాదికి పైగా మానేసినవారి మెదడులో దెబ్బతిన్న డోపమిన్ వ్యవస్థ చాలావరకు కోలుకుంటున్నట్టు కనిపించింది. అంటే మనిషి బాగుపడతాడు, కానీ ఏడాది పైన పడుతుంది. ఆ ఏడాది అతన్ని నిలబెట్టేదెవరన్నదే అసలు ప్రశ్న.

ప్రభుత్వాలు మాత్రం ఈ ప్రశ్న కంటే సరుకు ఎక్కడిది అన్న ప్రశ్న మీదే ఎక్కువ శక్తి పెట్టాయి. సరుకుకు కొదవ లేదు. మయన్మార్ షాన్ రాష్ట్రం చుట్టూ జరుగుతున్న తయారీ వల్ల 2024లో ఒక్క తూర్పు, ఆగ్నేయాసియాలోనే 236 టన్నుల మెథాంఫెటమిన్ పట్టుబడిందని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం లెక్క. మన దగ్గర 2023 మేలో కేరళ తీరానికి దూరంగా సుమారు 2,500 కిలోలు, 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో ఒక్క పడవలోనే దాదాపు 6,000 కిలోలు దొరికాయి. సరుకు బయటినుంచే రానక్కర్లేదు కూడా. మెత్‌కు ముడిసరుకైన ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్‌లను ప్రపంచంలో ఎక్కువగా తయారుచేసే దేశాల్లో మనది ఒకటి. దగ్గు, జలుబు మందుల కోసం చట్టబద్ధంగా తయారయ్యే ఆ రసాయనం దారి తప్పితే ఏమవుతుందో 2016లో మహారాష్ట్ర సోలాపూర్‌లో టన్నుల్లో దొరికిన ఎఫెడ్రిన్ చూపించింది. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ చర్లపల్లిలో దాడి చేసి పట్టుకున్నది మెత్ కాదు, దాని బంధువైన మెఫెడ్రోన్. రసాయన పరిశ్రమ ఉన్నచోట ఈ ముప్పు ఎంత దగ్గర్లో ఉంటుందో చెప్పడానికి అది చాలు. అదే ఏడాది మార్చిలో మంగళూరు పోలీసులు బెంగుళూరులో పట్టుకున్న ఎండీఎంఏ అనే మరో మత్తుమందు దాదాపు 38 కిలోలు. అనంతపురానికి అటు నాలుగైదు గంటల దూరంలో కొనే నగరం, ఇటు ఐదారు గంటల దూరంలో రసాయనాలు తెలిసిన నగరం ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసినదాన్ని తక్కువ చేయకూడదు. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టారు, 1972 నంబరు ఇచ్చారు. తోటల మీద, రవాణా మీద ఈ పని సాగాల్సిందే. అయితే గంజాయి పొలంలో పెరుగుతుంది, పైనుంచి చూస్తే కనిపిస్తుంది, బస్తాలకెత్తితే వాసన వస్తుంది. మెత్‌కు పొలం లేదు, రుతువు లేదు. జేబులో పట్టే పొట్లం వందలమందికి ఒక పూటకు సరిపోతుంది. అమెరికా అనుభవం ఇంకా ముందుకు పోయి చెబుతోంది. 2006లో అక్కడ సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందుల అమ్మకాన్ని చట్టంతో కట్టడి చేశారు. ఇళ్లలో నడిచే చిన్న తయారీ కేంద్రాలు నిజంగానే మూతపడ్డాయి. ఆ తర్వాత మెక్సికో ముఠాలు ఆ ముడిసరుకునే వదిలేసి పీ2పీ అనే వేరే రసాయనంతో తయారీ మొదలుపెట్టాయి. కొన్నేళ్లలోనే మెత్ మునుపటి కంటే స్వచ్ఛంగా, మునుపటి కంటే చవకగా వీధుల్లోకి వచ్చింది. కాబట్టి కిలోల లెక్కతో గెలుపోటములు కొలిచే అలవాటు ఈ మందు దగ్గర పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

దీనికి గట్టి ఎదురుప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జపాన్ కఠినంగా వ్యవహరించి గెలవలేదా? గెలిచింది. 1951లో ప్రత్యేక చట్టం చేసి, 1954లో 55 వేలమందికి పైగా అరెస్టు చేసి, నాలుగైదేళ్లలో ఆ సంఖ్యను కొన్ని వందలకు తెచ్చింది. కానీ అదే 1954లో మానసిక ఆరోగ్య చట్టాన్ని సవరించి బానిసలైనవారిని ఆస్పత్రుల్లో చేర్చింది. సరుకు చాలావరకు దేశంలోనే తయారవుతున్నది కాబట్టి, ద్వీప దేశం కాబట్టి, మూలం దొరికింది. అన్నిటికంటే ముఖ్యంగా, సరిగ్గా ఆ ఏళ్లలోనే జపాన్ ఆర్థికంగా లేచింది, కుర్రవాళ్లకు పని దొరికింది. అంత చేసినా 1970ల్లో మెత్ మళ్లీ వచ్చింది. పోలీసు బలాన్ని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో థాయ్‌లాండ్‌లో కనబడుతుంది. 2003లో మూడు నెలల పాటు సాగిన డ్రగ్స్ యుద్ధంలో అక్కడ రెండున్నర వేలమందికి పైగా చనిపోయారు, వారిలో ఎందరో ఏ సంబంధం లేనివారు. యాబా పోలేదు, జైళ్లు నిండాయి. చివరికి ఆ దేశమే 2021లో చట్టాలన్నీ తిరగరాసి, వాడేవాళ్లను రోగులుగా చూడాలని రాసుకుంది.

అంత దూరం పోనక్కర్లేదు, మన మద్యం చరిత్రే చాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటూ ఆడవాళ్లు లేపిన ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. ఆ ఉద్యమం గొప్పది, ఎన్నో ఇళ్లలో కొన్నాళ్లైనా కూలి డబ్బు వంటింటికి చేరింది. కానీ రెండేళ్లకే 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానా ఒక కారణమైతే, సరిహద్దులు ఇంకో కారణం. ఉమ్మడి అనంతపురానికి బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు, చిక్కబళ్లాపురం జిల్లాలతో సరిహద్దు ఉంది. పొలం గట్టు దాటితే కర్ణాటకే. 2019 తర్వాత దశలవారీ నిషేధం పేరుతో ధరలు పెంచినప్పుడు అదే గట్ల మీదుగా ప్యాకెట్లు వచ్చాయి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో తాగడానికి ఏమీ దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ మూడు దశాబ్దాల్లో మనం దుకాణాలు మూశాం, తెరిచాం, వేలం వేశాం, ప్రభుత్వమే నడిపింది, మళ్లీ ప్రైవేటుకు ఇచ్చాం. తాగుడుకు బానిసైన మనిషికి మండల స్థాయిలో వైద్యం అందించడం మాత్రం ఎవరి హయాంలోనూ పెద్ద పనిగా లెక్కకు రాలేదు. సరుకును ఆపితే రోగం ఆగుతుందన్న నమ్మకానికి మనం చెల్లించిన మూల్యం అది.

ప్రచారం సంగతి కొద్ది మాటల్లో ముగించవచ్చు. కేంద్రం 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నషా ముక్త్ భారత్ మొదలుపెట్టింది, రాష్ట్రంలో 'డ్రగ్స్ వద్దు బ్రో' ఫ్లెక్సీలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు నడుస్తున్నాయి. అవగాహన మంచిదే. భయపెట్టే బొమ్మలతో మాత్రం మెత్ ఆగదని 2005లో మొదలైన అమెరికా మోంటానా ప్రచారం తేల్చింది. ఊడిన పళ్లు, పుండ్లు పడ్డ ముఖాలతో ఆ రాష్ట్రమంతా హోర్డింగులు నింపారు. తర్వాత లెక్కలు తీసిన ఆర్థికవేత్తలకు, అప్పటికే తగ్గుతున్న వాడకం మీద దాని ప్రభావం ఏదీ కనిపించలేదు. పిల్లలకు బొమ్మ గుర్తుంటుంది. ఆ బొమ్మకూ, మూడు రాత్రులు నిద్ర లేకుండా చురుగ్గా పనిచేస్తున్న తమ అన్నకూ పోలిక కనబడదు.

ఇక వైద్యం. హెరాయిన్‌కు బానిసైనవారికి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. వాటితో మనిషిని నిలబెట్టవచ్చు. మెత్‌కు అలాంటి మందు ఇంతవరకు లేదు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ప్రయోగం ఈ రంగంలో పెద్ద వార్త అయింది. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి ఇస్తే ఫలితం కనబడిందని అది చెప్పింది. ఆ ఫలితం ఎంత? మందు తీసుకున్నవారిలో 13.6 శాతం మందికి, తీసుకోనివారిలో 2.5 శాతం మందికి. అంటే ఉన్నవాటిలో మంచిదనుకున్న మందు కూడా ప్రతి వందమందిలో పదకొండు మందికి మించి మేలు చేయలేదు. దీనికంటే గట్టి ఆధారాలున్న పద్ధతి ఇంకొకటి ఉంది, అది మాత్ర కాదు. వారానికి రెండుసార్లు మూత్ర పరీక్ష చేస్తారు. మెత్ వాడలేదని తేలితే చిన్న బహుమతి, అంటే సరుకుల కూపన్ లాంటిది ఇస్తారు. వరుసగా శుభ్రంగా ఉంటే విలువ పెరుగుతుంది, తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. పక్కన కౌన్సెలింగ్ నడుస్తుంది. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రులు 2011 నుంచి ఇది చేస్తున్నాయి. కాలిఫోర్నియా 2023లో పేదల ఆరోగ్య పథకంలోనే చేర్చి, ఒక మనిషికి ఏడాదికి 599 డాలర్ల వరకు ఇస్తోంది.

తప్పు చేసినవాడికి బహుమతులా అని ఎవరికైనా కోపం రావచ్చు. క్షయ రోగి ఆరు నెలలు మందు మానకుండా వాడాలని ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ కింద నెలనెలా డబ్బు ఇస్తోంది, ఎవరూ తప్పుపట్టలేదు. ఇక్కడ ఇస్తున్నది కూడా మానినందుకే, వాడినందుకు కాదు. జైల్లో ఒక మనిషిని ఏడాది ఉంచే ఖర్చుతో పోలిస్తే ఈ కూపన్ల ఖర్చు చిన్నది. నాకు అంతకంటే బరువుగా కనబడే ఇబ్బంది వేరే ఉంది. ఈ వైద్యానికి కావలసింది గోదాములో నిల్వ పెట్టుకునే మందు కాదు, మనుషులు. వారం వారం రోగి ముఖం గుర్తుపట్టే నర్సు, రాకపోతే ఇంటికి ఫోన్ చేసే కౌన్సెలర్, భ్రమలు వస్తే చూసే మానసిక వైద్యుడు. వీళ్లను టెండరు పిలిచి తెచ్చుకోలేం, తర్ఫీదు ఇచ్చి తయారుచేసుకోవాలి, దానికి ఏళ్లు పడుతుంది. వాన మొదలయ్యాక కుంట తవ్వలేమని ఈ జిల్లా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లేని మెత్ కోసం ఇంత హడావుడి ఎందుకు, ఇక్కడ అసలు సమస్య మద్యం కదా అన్న ఆక్షేపణ కూడా వినాలి. లెక్కలు దానివైపే ఉన్నాయి. సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో 10 నుంచి 75 ఏళ్లవారిలో మద్యం వాడేవారు 14.6 శాతం, గంజాయి, భంగు కలిపి 2.8 శాతం, మెత్ తరగతి ఉత్తేజకాలు 0.18 శాతం. మద్యం వల్ల సమస్యలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, నా వాదన నిలబడేది కూడా దాని మీదే. మెత్ కోసం వేరే ఆస్పత్రి కట్టమని నేననడం లేదు. మద్యం, గంజాయి కోసం ఇప్పటికే బాకీ ఉన్న వైద్యాన్ని తీరిస్తే, ఆ నర్సు, ఆ కౌన్సెలర్, ఆ పరీక్ష గదే రేపు మెత్ రోగికీ పనికొస్తాయి. ఒకవేళ మెత్ ఎన్నటికీ రాకపోతే పోయేదేమీ లేదు, తాగుబోతు అని ఊరు వదిలేసిన వేలమంది బాగుపడతారు.

ఇది కరువు జిల్లాకు మించిన పని కాదనడానికి రుజువు మన పొరుగునే ఉంది. 1985-90 మధ్య బెంగుళూరు నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యంలో తర్ఫీదు ఇచ్చింది. ప్రత్యేక వైద్యులు లేని పల్లెల్లో వాళ్లే రోగులను గుర్తించి మందులిచ్చారు. ఆ నమూనాతోనే 1996లో జాతీయ స్థాయిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్లారిలో పుట్టిన ఆలోచన దేశమంతా తిరిగినా, గట్టు ఇవతల ఉరవకొండ, రాయదుర్గం పల్లెల్లో వ్యసన చికిత్సగా ఇంకా స్థిరపడలేదు. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లుల్లో ఆస్పత్రులున్నాయి, ఊరూరా కార్యకర్తలున్నారు. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. పొదుపు సంఘాల మహిళలున్నారు. హిందూపురం, కదిరి, గుంతకల్లు, కళ్యాణదుర్గం ప్రభుత్వాస్పత్రుల్లో వారానికి రెండు రోజులు వ్యసన చికిత్స ఓపీ పెట్టడానికి, ఉపాధి హామీ పనులు సమయానికి ఇచ్చి రెండు పాళీల వలసను తగ్గించడానికి, జాతీయ రహదారి మీద డ్రైవర్లకు నిద్రపోయే చోటు కల్పించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉమ్మడి జిల్లాలోని ఇద్దరు కలెక్టర్లూ, వైద్యారోగ్య శాఖా కలిసి కూర్చుంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి.

అప్పటిదాకా ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పోలీసులకు తెలిస్తే కొడుకు జైలు పాలవుతాడన్న భయంతో చాలామంది తల్లిదండ్రులు నెలల తరబడి దాచిపెడతారు. మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది అది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. వ్యసన చికిత్సకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.